ఆరో తరగతికి వచ్చినా కరోనా పేరేనా? మీ ఇళ్ళలో సంగతేంటి?

మాధవి_హనుమకొండ
మొన్న శనివారం మా బాబు స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అయింది. వాడిప్పుడు ఆరో తరగతి. లెక్కలు బాగానే చేస్తాడు, చదవమంటే గడగడా చదివేస్తాడు, రాయమంటే మాత్రం నత్త నడక. పరీక్షలో అన్నీ తెలిసి కూడా చివరి రెండు ప్రశ్నలు వదిలేసి వస్తాడు. తెలుగులో అయితే సగం ఒత్తులు ఎగిరిపోతాయి. టీచర్ నోట్సు అలా తిరగేసి "కరోనా బ్యాచ్ కదండీ, ఏం చేయలేం" అని తేల్చేసింది.

ఇంటికొచ్చి చెప్తే మా అత్తగారు "ఆ రెండేళ్ళూ ఫోను చేతికిచ్చి కూర్చోబెడితే ఇంకేం రాస్తాడు" అంటుంది. మా ఆయన "అదంతా అయిపోయి ఎన్నేళ్ళయింది, ఇంకా కరోనా ఏంటి, వాడికి బద్ధకం, అంతే" అంటాడు. తలో మాటా అని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు, టెన్షన్ నాకు మిగిలింది.

2020 మార్చికి వాడు యూకేజీ. ఒకటో తరగతి మొత్తం ఫోన్లోనే, రెండులో కూడా కొంత. అక్షరాలు కుదురుకునే వయసు అదే కదా. నిజంగా దానివల్లేనా? ఆ రోజుల్లో పిల్లల్ని పెంచినవాళ్ళు చెప్పండి. అప్పుడు మీ ఇంట్లో మొదలై ఇప్పటికీ వదలనివి ఏమైనా ఉన్నాయా, మంచైనా సరే చెడైనా సరే.

చింతచిగురు
మా పాప ఏడో తరగతి. రాత సంగతి అచ్చం ఇదే. వాక్యం చివర చుక్క పెట్టదు, అడిగితే "అర్థమవుతుంది కదమ్మా" అంటుంది.

పాలకొల్లు_కుర్రాడు
మా ఆఫీసులో 40 దాటినవాళ్ళు కూడా చుక్క పెట్టరు అక్కా. వాళ్ళు ఏ బ్యాచో మరి.

నిమ్మతొక్క
కోపం తెచ్చుకోకండి మాధవి గారూ, నాకు మీ ఆయన మాటే కరెక్ట్ అనిపిస్తోంది. మా పెద్దది లాక్‌డౌన్ అప్పుడు నాలుగో తరగతి, చిన్నాడు చంటిపిల్లాడు. చిన్నాడికి ఆన్‌లైన్ క్లాసంటే ఏంటో తెలీదు, నేరుగా బడికే వెళ్ళాడు. వాడి రాత పెద్దదానికన్నా ఘోరం. ఇప్పటి పిల్లలంతా అంతే. ఇంట్లో మనం రాస్తే కదా వాళ్ళు రాసేది? మనం ఆఖరిసారి పెన్ను పట్టుకున్నది బ్యాంకులో ఫారం నింపడానికి.

ఎర్రబస్సు
"ఏం చేయలేం" అన్నారా? ఫీజు కట్టించుకునేటప్పుడు కరోనా బ్యాచ్‌కి తగ్గింపు ఏమైనా ఉందేమో అడగాల్సింది.

బడిపంతులు
నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చెప్తాను, తెలంగాణలోనే. టీచరమ్మ మాట తీరు తప్పు. విషయం మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. ఒకసారి వరసగా చూడండి.

2020 మార్చి మధ్యలో బడులు మూశారు. సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. అవి ఎవరికి? మూడు నుంచి పది వరకు. ఒకటి, రెండు తరగతుల వాళ్ళకి టీవీ పాఠం కూడా లేదు. 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పది పిల్లలు వచ్చారు, నెలాఖరుకి ఆరు, ఏడు, ఎనిమిది వచ్చారు. చిన్న తరగతులు తెరవనే లేదు, మార్చిలో మళ్ళీ అందరికీ తాళం. ప్రాథమిక బడి తలుపు తీసింది 2021 సెప్టెంబర్ 1న. అంటే ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల బడి గడప తొక్కేసరికి రెండో తరగతి. 2022 జనవరిలో సంక్రాంతి సెలవుల్ని నెలాఖరుదాకా పొడిగించారు, అది అదనం.

నేను వర్క్‌షీట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాణ్ణి. ఇంటికి ఒకే ఫోను, అది నాన్నతో పాటు పనికి పోతుంది, రాత్రి ఎనిమిదికి వస్తుంది. అప్పటికి పిల్లాడు నిద్రకి జోగుతుంటాడు. మీ బాబుకి కనీసం ఫోన్ ఉంది, అక్షరాలు చెప్పే అమ్మ ఉంది.

బలపం పట్టి దిద్దాల్సిన ఏడాదిలో మా పిల్లలు స్క్రీన్ మీద వేలు పెట్టి దిద్దారు. వేలికీ పెన్సిల్‌కీ తేడా ఉంది. మూడో తరగతికి వచ్చాక చూస్తే కొందరు పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటున్నారు. మీ బాబు ఎలా పట్టుకుంటాడో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. రాయగానే చెయ్యి నొప్పి అంటాడా? మణికట్టు గాల్లో ఉంటుందా, బల్ల మీద ఆనుతుందా?

మాధవి_హనుమకొండ
మాస్టారూ, చెయ్యి నొప్పి అంటాడు. నేను సాకు అనుకున్నా. ఇప్పుడే వెళ్ళి చూశా, బొటనవేలు చూపుడువేలి మీదికెక్కి ఉంది, పెన్ను కొన దాదాపు మూసేస్తున్నాడు.

బడిపంతులు
అలా పట్టుకుంటే రాసే అక్షరం వాడికే కనపడదు. అందుకే తల వంచి పక్కనుంచి చూస్తూ రాస్తాడు. కళ్ళు కూడా ఓసారి చూపించండి. బద్ధకం సంగతి తర్వాత.

చింతచిగురు
ఆ ఆన్‌లైన్ క్లాసులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టేదాన్ని. టీచర్ "మ్యూట్ చేయండి మ్యూట్ చేయండి" అని సగం క్లాసు అదే పాట. మిగతా సగం ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. మా పాప "ప్రెజెంట్ మేడమ్" అనేసి కెమెరా ఆపి దోసె తినేది. హోంవర్క్ ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి కదా, ప్రతి ఫోటోలో ఓ మూల ఎవరో తల్లి బొటనవేలు. అందులో సగం హోంవర్కులు తల్లుల దస్తూరియే, ఆ గుండ్రటి రాత ఆరేళ్ళ పిల్లలది ఎలా అవుతుంది?

పాలకొల్లు_కుర్రాడు
మా అక్క మా మేనల్లుడి డ్రాయింగ్ కాంపిటీషన్‌లో సెకండ్ ప్రైజ్ కొట్టింది.

నిమ్మతొక్క
మాస్టారూ, మీ లెక్కలు సరే. కానీ పోయింది పోయినట్టే ఉండిపోదు కదా. అసర్ సర్వే చూడండి, పల్లెల్లో పిల్లలకి చదువు ఎంతవరకొచ్చిందో చూసే సర్వే. గ్రామాల్లో, ప్రభుత్వ బడిలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 20.9 శాతం, 2022లో 16.3కి పడిపోయింది, 2024కి 23.4. దేశం మొత్తానికి లెక్క ఇది. మునుపటికన్నా పెరిగింది కూడా. ఇంకా కరోనా కరోనా అంటే ఎలా?

బడిపంతులు
2024లో మూడో తరగతి పిల్లలు 2020కి ఏ వయసువాళ్ళమ్మా? నాలుగేళ్ళ లోపు, అటూ ఇటూ. వాళ్ళు బడి పోగొట్టుకున్న పిల్లలు కాదు. వాళ్ళు బాగా చదివితే మాధవి గారబ్బాయికి ఏం ఒరుగుతుంది?

నిమ్మతొక్క
సరే, అదే సర్వేలో ఐదో తరగతి చూడండి. 2018లో 44.2, 2022లో 38.5, 2024లో 44.8. 2024లో ఐదు అంటే 2020లో ఒకటి. అచ్చంగా ఈ బ్యాచే. వాళ్ళు కూడా 2018 వాళ్ళతో సమానంగా వచ్చేశారు. ఇప్పుడేమంటారు?

బడిపంతులు
ఒప్పుకున్నాను, నేను ఐదో తరగతి లెక్క చూడలేదు. సంతోషమే. కానీ అది చదవడం. రాయించి చూసే పరీక్ష కాదది. మాధవి గారు కూడా చదువుతాడు, రాయడు అనే కదా రాసింది.

ఎర్రబస్సు
మీరిద్దరూ దశాంశాల దగ్గర కొట్టుకుంటున్నారు గానీ, 44.8 అంటే ఐదో తరగతి పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేరని కదా అర్థం. కరోనాకి ముందూ అంతే, తర్వాతా అంతే. ఎవరికీ దాని మీద బాధ లేదు.

చింతచిగురు
ఎర్రబస్సు అన్నయ్య ఎప్పుడొచ్చినా ఇలాగే ఒక మాట అని అందరి నోళ్ళూ మూయిస్తాడు.

నిమ్మతొక్క
చదువు పక్కన పెడితే నాకైతే ఆ లాక్‌డౌన్ మంచే చేసింది. మా ఆయన పిల్లలతో కూర్చుని అన్నం తిన్నది పెళ్ళయ్యాక అప్పుడే. టీవీలో రామాయణం వేశారు కదా, అందరం ఒకచోట చేరి చూసేవాళ్ళం. అష్టాచమ్మా ఆడుకున్నాం, ఆవకాయ కలిపాం, కొబ్బరి నూనె రాసి మరీ జడలేశా. పిల్లలకు కావలసింది మన టైమ్ అని అప్పుడే తెలిసింది.

ఎర్రబస్సు
అమ్మా, మీకు మంచి జరిగింది, సంతోషం. కానీ ఈ "ఫ్యామిలీ టైమ్" మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నాది ఆటో, విజయవాడ. మార్చి నుంచి బండి కదల్లేదు. ఒకటే గది, అందులో నలుగురం, పైన రేకులు, ఏప్రిల్ ఎండ. మేమూ రోజంతా కలిసే ఉన్నాం, ఎటూ పోలేక. పిల్లల ముందు ఊరికే కూర్చోవడం ఎలా ఉంటుందో మగాణ్ణి అడగండి. ఆన్‌లైన్ క్లాసు లింకు వచ్చింది, ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. మా ఆవిడ పట్టీలు తాకట్టు పెట్టి పాత టచ్ ఫోన్ ఒకటి కొన్నాం. అది పాఠం మధ్యలో వేడెక్కి ఆగిపోయేది, తడిగుడ్డ మీద పెట్టేది మా అమ్మాయి.

అయినా మీరడిగిన దానికి జవాబు ఉంది నా దగ్గర. బండి మళ్ళీ రోడ్డెక్కాక రోజూ రాత్రి ఎంత వచ్చింది, గ్యాసుకెంత, ఫైనాన్స్ వాడికెంత అని మా అమ్మాయి పాత నోటుపుస్తకంలో రాయడం మొదలెట్టింది. అప్పుడు దానికి మూడో తరగతి అయిపోయింది. అప్పటిదాకా అది బొమ్మ కావాలంటే ఏడ్చేది, పుస్తకం మొదలెట్టాక "వచ్చే వారం చూద్దాంలే నాన్నా" అనేది. ఆ మాట విన్నప్పుడు నాకు గర్వమో బాధో నాకే తెలీలేదు. ఇప్పుడు తొమ్మిదిలోకి వస్తోంది, ఆ పుస్తకం ఇంకా ఉంది, ఫైనాన్స్ వాడు ఒక నెల వాయిదా రెండుసార్లు కట్టించుకుంటే పట్టుకున్నది అదే.

2021లో మునిసిపల్ బడిలో వేశాం. బడి మూసున్నప్పుడు కూడా బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇంటికి పంపారు. ఎవరేమనుకున్నా ఆ గుడ్లు మాకు అక్కరకొచ్చాయి.

నిమ్మతొక్క
మిమ్మల్ని బాధపెట్టాలని కాదండీ. మా ఇంట్లో జరిగిందే చెప్పా. జీతం ఆగలేదు కాబట్టి చెప్పగలుగుతున్నా, అది నిజమే.

ఎర్రబస్సు
అయ్యో, మీ మీద కాదమ్మా. ఆవకాయ కలపడం తప్పేం కాదు.

పాలకొల్లు_కుర్రాడు
ఆవకాయ కలిపినవాళ్ళు, దల్గోనా కాఫీ కలిపినవాళ్ళు అని రెండు జాతులు ఉండేవి అప్పట్లో. నేను రెండో జాతి. గరిటెతో తిప్పీ తిప్పీ చెయ్యి పడిపోయింది, నురగ రాలేదు, అమ్మ ఆ చక్కెరకి లెక్క అడిగింది.

టెన్త్_2020
నేను పిల్లల తండ్రిని కాదు, ఆ పిల్లల్లో ఒకణ్ణి. మాధవి అక్కా, మీ వాడికి ఇప్పుడు ఈ పేరు పెట్టారు, మాకు ఎప్పుడో పెట్టారు. 2020 తెలంగాణ టెన్త్. మూడు పేపర్లు రాశాక పరీక్షలు ఆగిపోయాయి, జూన్‌లో అందరూ పాస్ అన్నారు, 5 లక్షల 34 వేల మందిమి. ఇంటర్నల్ మార్కుల మీద జీపీఏ వేశారు. నాకు 9.8. చుట్టాలెవరూ స్వీట్ తినలేదు, నవ్వారు.

అది అక్కడితో ఆగలేదు. ఇంటర్ ఫస్టియర్ ఫోన్లో విన్నాం, పరీక్ష లేకుండా సెకండియర్‌కి పంపారు, మళ్ళీ 2021 అక్టోబర్‌లో పిలిచి ఫస్టియర్ పరీక్షలు ఇప్పుడు రాయండి అన్నారు. డిసెంబర్‌లో రిజల్ట్ వస్తే పాస్ 49 శాతం. నేను రెండు సబ్జెక్టుల్లో పోయా. గొడవ అయ్యాక ఫెయిలైన వాళ్ళకి 35 వేసి గట్టెక్కించారు. అంటే నా మెమోలో ఉన్న 35, 35 ప్రభుత్వం దయ. ఆ వారం రోజులూ మా నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అంతకుముందు మార్కులంటే బెల్ట్ తీసే మనిషి. రాత్రి ఛాయ్ పెట్టుకొచ్చి పక్కన కూర్చుని "ఈ మేడ మీద వాటర్ ట్యాంక్ లీకవుతుంది, పొద్దున ఇద్దరం చూద్దాం" అన్నాడు. ఎందుకన్నాడో నాకు అప్పుడే అర్థమైంది, ఆ వారం పేపర్లలో వచ్చే వార్తలు ఆయనా చదువుతున్నాడు. ఒంటరిగా వదలలేదు నన్ను. పొద్దున ట్యాంక్ చూశాం, నిజంగానే లీకవుతోంది.

ఇప్పుడు బీటెక్ ఫైనలియర్. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో కూడా ఒకాయన "ఓ, ఆ బ్యాచా" అన్నాడు. కోడ్ రాయమని చూసి తీసుకున్నాడు మళ్ళీ.

చింతచిగురు
మీ నాన్నకి దణ్ణం తమ్ముడూ.

మాధవి_హనుమకొండ
ఇది మా ఆయనకి చదివి వినిపించా. ఏమీ అనలేదు, ఫోన్ తీసుకుని ఇంకోసారి చదువుకున్నాడు.

సున్నుండ
ఇన్నాళ్ళూ చదివి ఊరుకునేదాన్ని, ఇవాళ రాస్తున్నా. నేను ప్రైవేటు స్కూలు టీచర్ని, కరీంనగర్ వైపు. "ఏం చేయలేం" అన్న ఆ టీచర్ మీద అందరికీ కోపం వచ్చింది, నాకూ వచ్చింది. కానీ ఆమె అప్పుడు ఎలా బతికిందో ఎవరూ అడగలేదు. బడి మూశాక మాకు జీతం మొదట సగం చేశారు, తర్వాత అదీ లేదు. ఆన్‌లైన్ క్లాస్ చెప్పమన్నది ముగ్గురికే, మిగతావాళ్ళని ఇంటికి పొమ్మన్నారు. 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇచ్చింది, అంతవరకూ ఏడాది పాటు ఏం తిన్నామన్నది మాకే తెలుసు.

నేనూ మా ఆయనా టిఫిన్ బండి పెట్టాం. మొదటి రోజు నా పాత స్టూడెంట్ వాళ్ళ నాన్న వచ్చాడు. నన్ను చూసి ఏం మాట్లాడాలో తెలీక నాలుగు ప్లేట్ల ఇడ్లీ చెప్పాడు, వచ్చింది ఒక్కడే. మా బాబు అప్పుడు పదేళ్ళవాడు, పార్సిళ్ళు కట్టేవాడు. చట్నీ ప్యాకెట్‌కి దారం చుట్టడం వాడికొచ్చినంత నున్నగా నాకు రాదు. "నువ్వు టీచర్‌వి కదమ్మా, ఇది చేస్తే ఫ్రెండ్స్ ఏమనుకుంటారు" అని ఒక్కసారి అడిగాడు. పిండి రుబ్బుతూ ఉన్నాను, "ఇడ్లీ బాగుంది అనుకుంటారు" అన్నా. మళ్ళీ అడగలేదు.

ఎర్రబస్సు
టీచరమ్మా, ఫీజు మీద నేనన్న మాట మీలాంటివాళ్ళకి తగలదు. అది యాజమాన్యాలకి.

సున్నుండ
తెలుసు తమ్ముడూ. అందుకే నవ్వుకున్నా.

ఎడారి_ఉత్తరం
దోహాలో ఉంటాను, ఊరు జగిత్యాల దగ్గర. మా పాప 2020 ఏప్రిల్‌లో పుట్టింది. మార్చి 23కే విమానాలు ఆపేశారు. మేలో బయటి దేశాల్లో ఇరుక్కున్నవాళ్ళని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనా గర్భిణులకు, ఉద్యోగం పోయినవాళ్ళకు ముందు చోటు, అది న్యాయమే. నేను పాపని ఎత్తుకునేసరికి దానికి ఏడాది దగ్గరపడింది. నా గొంతు గుర్తుపట్టింది, ముఖం చూసి ఏడ్చింది. ఫోన్లో ఉండే నాన్న గదిలోకి ఎలా వచ్చాడో దానికి అర్థం కాలేదు.

అందరూ ఫోన్‌ని తిడుతున్నారు కాబట్టి చెప్తున్నా, నాకు మాత్రం ఆ ఫోనే దిక్కు. ఇప్పటికీ రోజూ మా ఆవిడ వంట చేసేటప్పుడు ఫోన్ గట్టు మీద నిలబెడుతుంది, పాప కింద కూర్చుని తెలుగు వాచకం చదువుతుంది, నేను ఇక్కడ డ్యూటీ నుంచి వచ్చి బట్టలు ఉతుక్కుంటూ వింటా. తప్పు చదివితే సరిదిద్దుతా. అక్కడుండే నాన్నలు ఎంతమంది రోజూ చదివిస్తున్నారు?

పాలకొల్లు_కుర్రాడు
చివరి ప్రశ్నకి ఈ థ్రెడ్‌లో మగాళ్ళెవరూ జవాబు చెప్పరు చూడండి.

డాలస్_అమ్మ
మాది రివర్స్ కేసు. మా అత్తయ్య, మావయ్య 2020 జనవరిలో గుంటూరు నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉందామని. ఇరుక్కుపోయారు. ఉండటానికి గడువు పొడిగించమని అప్లికేషన్ పెట్టి, విమానం దొరికి వెళ్ళేసరికి ఏడాది చివరికొచ్చింది. అప్పటిదాకా మా పాపకి తెలుగు అర్థమయ్యేది, జవాబు ఇంగ్లీషులో వచ్చేది. స్కూలు ట్యాబ్లెట్‌లో అయిపోగానే అత్తయ్యతో వామనగుంటలు. గవ్వలు లేక పిస్తా డొల్లలతో ఆడారు. "ఒక గుంటలో ఎన్ని ఉన్నాయే? ఏందే అట్ట చూస్తావ్, లెక్కపెట్టు" అని అత్తయ్య. ఇప్పుడు మా పాప తెలుగు పక్కా గుంటూరు యాస. ఇక్కడి తెలుగు క్లాసులో టీచర్ హైదరాబాదీ, వాళ్ళిద్దరికీ రోజూ పేచీ.

అయితే అత్తయ్యకీ నాకూ మధ్య ఆ ఏడాది ఎలా గడిచిందన్నది ఇక్కడ రాయను, ఆవిడా ఇంటర్నెట్ చూస్తుంది.

చింతచిగురు
ఆ పోస్టు కోసం సపరేట్ థ్రెడ్ పెట్టండి అక్కా, ముందు వరసలో కూర్చుంటా.

వరండా
రాయాలా వద్దా అనుకున్నా. మా తోడికోడలు 2021 మేలో పోయింది, సెకండ్ వేవ్‌లో. ఆక్సిజన్ బెడ్ దొరికింది, అప్పటికే ఆలస్యమైంది. వాళ్ళ ఇద్దరు పిల్లలు, మా ఒక్కడు, మూడేళ్ళ పైగా అందరూ మా ఇంట్లోనే పెరిగారు, మా మరిది వారం వారం వచ్చేవాడు.

ఆ ఏప్రిల్‌లో మా వాడికి రెండంకెల లెక్కలు వచ్చింది ఆక్సీమీటర్ మీద. 96, 95, 93 అని వాడే చదివి పలక మీద రాసేవాడు, ఎవరిది ఎంతో పక్కన పేరు. 94 కంటే తగ్గితే నన్ను పిలవాలని చెప్పా. బడిలో నేర్వాల్సింది అలా నేర్చాడు, ఏమనాలి దాన్ని.

పిల్లలకి నిజమే చెప్పాం. అమ్మ ఊరెళ్ళింది, దేవుడి దగ్గరుంది లాంటివి వద్దని మా అత్తగారే పట్టుబట్టారు, ఆవిడ చదువుకున్నది ఐదో తరగతి. చెప్పాక పెద్దపిల్ల ఏడ్చింది, చిన్నది "అమ్మ సెల్ ఎవరి దగ్గరుంది" అని అడిగింది. ఆ ఫోన్ ఇప్పటికీ ఛార్జ్ చేసి ఉంచుతాం, అందులో వాళ్ళమ్మ వాయిస్ మెసేజీలు ఉన్నాయి.

నాకు విసుగు తెప్పించేది ఒక్కటే. వచ్చిన ప్రతి చుట్టమూ "తల్లి లేని పిల్లలు" అని తల నిమిరి, వాళ్ళేం చేసినా ఊరుకోమంటారు. నేను ఊరుకోను. హోంవర్క్ చేయకపోతే ముగ్గురికీ ఒకటే తిట్టు. ఒకసారి పెద్దపిల్ల తన ఫ్రెండ్‌తో "మా పెద్దమ్మ భలే స్ట్రిక్టు" అని గొప్పగా చెప్పుకోవడం విన్నా. నాకది చాలు.

బడిపంతులు
అమ్మా, ఆ పలక ఉంటే దాచి ఉంచండి.

వరండా
ఉంది మాస్టారూ. తుడవలేదు.

పైత్యం_బాబు
ఇంత జరిగిందంటే అసలు ఆ టీకాలు, ఆనందయ్య మందు...

వేదిక_నిర్వాహకుడు
టీకా, మందు, పార్టీలు, ఏవీ ఇక్కడ వద్దు. వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. పై పోస్టు మిగతా భాగం తీసేశాను.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్
మాధవి అమ్మాయీ, నీ ప్రశ్న ఎక్కడికో పోయింది. నాకు తోచింది చెప్తాను. పోస్ట్ కార్డు ఇప్పటికీ అర్ధ రూపాయే. పాతిక కార్డులు కొని ఇంట్లో పడెయ్యి. లాక్‌డౌన్‌లో మా మనవడికి పొద్దుపోక నేను కార్డులు రాయించాను. వాడు హైదరాబాదులో, నేను తణుకులో. కార్డులో చోటు తక్కువ కాబట్టి పిల్లాడు భయపడడు, ఎవరైనా చదువుతారు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తాడు. తప్పులు నేను దిద్దలేదు, దిద్దితే మళ్ళీ రాయడు. వాడు "తాతయ్యా నీకు పన్ను నొపి తగిందా" అని రాస్తే నేను జవాబులో "నొప్పి తగ్గింది" అని రాసేవాణ్ణి. రెండో కార్డుకి కాదు గానీ ఐదారు కార్డులయ్యాక ఒత్తు వచ్చింది.

నిమ్మతొక్క
ఇది బాగుంది బాబాయ్ గారూ. కానీ కార్డు చేరడానికి పట్టే టైమ్‌లో పిల్లాడు ఇంటర్‌కి వస్తాడేమో.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్
మా శాఖని అనకమ్మా, నా పెన్షన్ అక్కణ్ణుంచే వస్తుంది.

చింతచిగురు
నాది ఇంకా తేలిక. నేను పాపతో కిరాణా చీటీ రాయిస్తున్నా. కందిపప్పు, మినప్పప్పు, ఉప్పు, బెల్లం, కొత్తిమీర, పచ్చిమిర్చి, నువ్వులు. సగం ఒత్తులు వంటింట్లోనే ఉన్నాయి. కొట్లో అబ్బాయి చదవలేకపోతే సరుకు రాదు, అదే మార్కు. ఒకసారి "ఆవలు" అని రాస్తే వాడు "ఆవులు లేవమ్మా" అన్నాడు.

బడిపంతులు
కార్డులూ చీటీలూ రెండూ మంచివే, కానీ ముందు పట్టు మార్చండి. చిన్న పెన్సిల్ ముక్క ఇవ్వండి, పొడుగు పెన్ను కాదు. ముక్కని పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి. రోజూ అర పేజీ చూచిరాత, నాలుగు గీతల పుస్తకంలో, వేగం చూడొద్దు. పరీక్షలో సమయం చాలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది, ప్రశ్న మొత్తం మళ్ళీ రాసి అప్పుడు జవాబు రాస్తారు కొందరు. మీవాడు అలా చేస్తున్నాడేమో చూడండి.

మాధవి_హనుమకొండ
చేస్తున్నాడు మాస్టారూ!! ప్రతి ప్రశ్నా పూర్తిగా రాస్తున్నాడు, ఎర్ర పెన్నుతో గీత కూడా కొడుతున్నాడు. ఎవరు చెప్పారురా అంటే ఆన్‌లైన్ క్లాసులో మేడమ్ చెప్పిందట, ప్రశ్న లేకపోతే ఫోటోలో ఏ జవాబు దేనిదో తెలీదని.

పాలకొల్లు_కుర్రాడు
అయితే కరోనానే. మీ అత్తగారు గెలిచారు.

నిమ్మతొక్క
ఇన్నేళ్ళుగా ఏ టీచరూ అది వద్దని చెప్పలేదంటే గెలిచింది నేనే.

మాధవి_హనుమకొండ
ఎవరు గెలిచారో గానీ పెన్సిల్ ముక్కలు దొరక్క మా ఆయన కొత్త పెన్సిల్‌ని కత్తితో మూడు చేశాడు. కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ గురువారం.

టెన్త్_2020
అక్కా, గురువారం ఏం చెప్పారో రాయండి.

పాలకొల్లు_కుర్రాడు
సున్నుండ టీచర్ గారూ, ఆ టిఫిన్ బండి ఇంకా ఉందా? వచ్చే నెల కరీంనగర్‌లో పెళ్ళి ఉంది.

సున్నుండ
ఉంది. నేను మళ్ళీ బడికి పోతున్నా, బండి మా ఆయన చూస్తాడు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది వరకు, ఆదివారం సెలవు. ఎనిమిది దాటితే పెసరట్టు అయిపోతుంది, పెళ్ళివారికైనా మిగల్చం.